మౌంట్ వెర్నన్

అమెరికా తొలి అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ నివాసం. వర్జీనియా రాష్ట్రంలో పొటోమాక్ నది ఒడ్డున ఉంది. తండ్రి కట్టించిన చిన్న ఇంటిని వాషింగ్టన్ విడతలవారీగా పెంచి, నదివైపు ఎత్తైన వసారాతో ఇప్పటి రూపానికి తెచ్చాడు. రాతిగోడల్లా కనిపించేవి నిజానికి పైన్ చెక్కలే. అంచులు ఏటవాలుగా చెక్కి, పచ్చి రంగుమీద ఇసుక చల్లి రాయిలా భ్రమింపజేశారు. ఫ్రెంచి సేనాని లాఫాయెట్ కానుకగా పంపిన పారిస్‌లోని బాస్టిల్ కోట తాళంచెవిని నడవలో చూడవచ్చు. వాషింగ్టన్ 1799 డిసెంబరు 14న ఇక్కడే మరణించాడు. ఆ ఏడాది ఎస్టేటులో 317 మంది బానిసలుండేవారు. ఈ వైభవమంతా వారి చాకిరీ మీద నిలిచిందే.

19వ శతాబ్దం మధ్యనాటికి ఇల్లు శిథిలమైంది. కొనడానికి కేంద్ర ప్రభుత్వమూ ముందుకు రాలేదు, వర్జీనియా ప్రభుత్వమూ రాలేదు. దక్షిణ కరోలినాకు చెందిన ఆన్ పమేలా కన్నింగ్‌హామ్ 1853లో మహిళా సంఘాన్ని స్థాపించి చందాలు పోగుచేసింది. ఓటుహక్కయినా లేని ఆ స్త్రీలు 1858లో 2 లక్షల డాలర్లకు ఇంటిని, దాని చుట్టూ ఉన్న సుమారు 200 ఎకరాలను కొనేందుకు ఒప్పందం చేసుకున్నారు. అమెరికాలో కట్టడాల పరిరక్షణ ఉద్యమానికి ఇదే నాంది అనడం అతిశయోక్తి కాదు. 1960లో జాతీయ చారిత్రక చిహ్నంగా గుర్తింపు పొందింది. నిర్వహణ ఇప్పటికీ ఆ సంఘానిదే.