కొండెక్కిన నెయ్యి

గజపతినగరం చుట్టుపక్కల పల్లెల్లో చెంబెడు పాలు పోసినా వెన్నశాతం చూడందే పాలకేంద్రం తీసుకోదు. శాతం తగ్గితే ఆ పూట డబ్బూ తగ్గుతుంది. ఆవుపాలలో వెన్న నూటికి నాలుగు పాళ్లని, కిలో నెయ్యికి పాతిక లీటర్ల పాలు కావాలని అక్కడి ఆడవాళ్లకు కంఠస్థం.

అదే ఆవునెయ్యిని తిరుమల లడ్డూ కోసం 2024లో కిలో 320 రూపాయలకు కొన్నారు. ఏళ్ల తరబడి నెయ్యి పంపిన కర్ణాటక నందిని, ధర గిట్టక 2023లోనే పోటీలో లేకుండా పోయింది. ఆ ధరకు అసలు నెయ్యి రాదని మన పాలమ్మే తల్లి ఎవరైనా చెప్పేది. ఆమెను అడిగేవారేరీ?

2024 జులైలో ఆ నెయ్యి నమూనాలు గుజరాత్‌లోని ఆనంద్‌కు వెళ్లాయి. అది పాలకొవ్వు ఒక్కటే కాదని జాతీయ పాడి అభివృద్ధి మండలి ల్యాబ్ తేల్చింది. సెప్టెంబరు 18న ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు జంతువుల కొవ్వు మాట ఎత్తారు. దేశం అట్టుడికింది. ఈ పరీక్ష కొన్ని పరిస్థితుల్లో తప్పు ఫలితం ఇవ్వవచ్చని ఆ నివేదికలోనే ఉంది. దాన్ని పట్టించుకున్నవారు తక్కువ. సరఫరా చేసిన దిండిగల్ ఏఆర్ డెయిరీ ఆరోపణను కాదంది. అక్టోబరు 4న సుప్రీంకోర్టు ఐదుగురితో ప్రత్యేక దర్యాప్తు బృందం (సిట్) వేసింది. అందులో ఒకరు ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ అధికారి. 2025 ఫిబ్రవరిలో నలుగురు అరెస్టయ్యారు. పామాయిల్, రసాయనాలతో చేసిన సరుకు ఏళ్లపాటు నెయ్యి పేరుతో కొండెక్కిందన్నది సిట్ అభియోగం.

మా వైపు తిరుపతి వెళ్లొచ్చినవాళ్లు వీధిలో ఇంటింటికీ చిటికెడు లడ్డూ పంచుతారు. కళ్లకద్దుకుని నోట్లో వేసుకోవడమే తప్ప అందులో ఏముందని అడిగిన ముసలమ్మను నేను చూడలేదు. ఆ సెప్టెంబరులో అడిగారు. కూలిందేమిటో అక్కడ తెలిసింది నాకు. కోర్టులో ఎవరు గెలిచినా ఆ అడగని నమ్మకం ఎవరు తెచ్చిస్తారు?

వేరే కొవ్వు కలిసినదాన్ని నెయ్యి అని అమ్మకూడదని చట్టం ఎప్పటినుంచో చెబుతోంది. నాసిరకానికి 5 లక్షల దాకా, తప్పుడు లేబులుకు 3 లక్షల దాకా జరిమానా 2006 చట్టంలోనే ఉంది. పేదరాలి చెంబు దగ్గర రోజూ జరిగే పరీక్ష దేవుడి నెయ్యి ట్యాంకరు దగ్గర అంత గట్టిగా జరగలేదు. కల్తీ పట్టే ఆధునిక ల్యాబ్ తిరుమలలో తెరిచింది 2025లో.