మావయ్య జాలీకి పేటెంట్ వస్తుందా? ఒక బోరు పైపు చెప్పిన కథ

ఈ ఎపిసోడ్ నేను ప్లాన్ చేసింది కాదు. మా మావయ్య ఫోన్ చేస్తే మొదలైంది.

మావయ్యది బాపట్ల వైపు ఊరు. సముద్రం దగ్గర, ఇసుక నేల, వేరుశెనగ వేస్తారు. అక్కడ నీళ్లు తక్కువ లోతులోనే ఉంటాయి కాబట్టి ఫిల్టర్ పాయింట్లు వేసుకుంటారు. అంటే గాట్లు పెట్టిన పైపుకి జాలీ చుట్టి నేలలోకి దించి, పైన మోటార్ పెట్టడం. దీంట్లో ఎప్పుడూ ఉండే తలనొప్పి ఇసుక. జాలీ కన్నాలు పెద్దవైతే ఇసుక లోపలికి వచ్చి మోటార్ పాడవుతుంది. మరీ సన్నవైతే మూసుకుపోయి నీళ్లు రావు.

మావయ్య ఏం చేశాడంటే, ఒక జాలీ కాకుండా మూడు చుట్టాడు. ముందు పైపు మీద లావు తీగ జాలీ, దాని మీద సన్న స్టీల్ జాలీ, మళ్లీ పైన లావు జాలీ. రెండేళ్లయినా ఇసుక రాలేదు. చుట్టుపక్కల ఆరేడు పొలాల్లో కూడా తనే చుట్టి ఇచ్చాడు. వీడియో తీసి ఊరి వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టాడు. అది చూసి టౌన్‌లో ఒకాయన "దీనికి పేటెంట్ ఇప్పిస్తా, ముందు 60 వేలు కట్టండి" అన్నాడట.

"ఒరేయ్ అల్లుడూ, నువ్వు సివిల్ చదివావు కదా, కట్టమంటావా?" అని అడిగాడు. నేను బీటెక్ సివిల్ చదివి సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లి, అదీ వదిలేసి ఇప్పుడు మీ ముందు కూర్చున్న మనిషిని. "రెండు రోజులు టైమివ్వు మావయ్యా" అన్నాను. ఆ రెండు రోజులు చదివింది మీకు చెప్తాను. ఎందుకంటే సరిగ్గా ఇలాంటి పైపు గురించే, 19వ శతాబ్దంలో అమెరికాలో, రైతులకి పేటెంట్ ఓనర్లకి మధ్య పెద్ద యుద్ధం జరిగింది.

ముందు పేటెంట్ అంటే ఏంటో ఒక్క నిమిషం. ప్రభుత్వంతో ఒక డీల్ అన్నమాట. నువ్వు కనిపెట్టింది దాచుకోకుండా అందరికీ అర్థమయ్యేలా రాసి ఇవ్వు, బదులుగా కొన్నేళ్లు అది నీ ఒక్కడి హక్కు. మన దగ్గర ఇప్పుడది 20 ఏళ్లు. అమెరికాలో 1793 చట్టం ప్రకారం దరఖాస్తు పెట్టి ఫీజు కడితే పేటెంట్ ఇచ్చేసేవాళ్లు. నిజంగా కొత్తదా, ఎవరైనా ముందే చేశారా అని చూసేవాళ్లే లేరు. దాంతో ఒకే వస్తువుకి ఇద్దరు ముగ్గురికి పేటెంట్లు, మోసాలు, కోర్టు కేసులు. అందుకే 1836లో చట్టం మార్చారు. దరఖాస్తు చదివి, పాతవాటితో పోల్చి చూసే ఉద్యోగి వచ్చాడు. ఆయనే ఎగ్జామినర్.

మన దేశంలో మొదటి చట్టం 1856లో, బ్రిటిష్ వాళ్లు తెచ్చారు. మొదటి దరఖాస్తు పెట్టింది కలకత్తాలో ఉన్న జార్జ్ ఆల్ఫ్రెడ్ డిపెనింగ్ అనే ఇంజినీర్. దేనికో తెలుసా? పంకా లాగే మెషీన్‌కి. ఆయన కూడా సివిలే. మా బ్రాంచ్ వాళ్లకి ఇదొక్కటైనా గర్వంగా చెప్పుకోవచ్చు.

ఇప్పుడు పైపు కథకొద్దాం. 1861, అమెరికాలో సివిల్ వార్ మొదలైన ఏడాది. న్యూయార్క్ రాష్ట్రంలో కోర్ట్‌లాండ్ అనే ఊళ్లో నెల్సన్ గ్రీన్ అనే ఆయన సైన్యం కోసం ఒక రెజిమెంట్‌ని తయారుచేస్తున్నాడు. సైనికులు ఎక్కడ ఆగితే అక్కడ నీళ్లు కావాలి, బావి తవ్వే టైముండదు. అందుకని ఆయనకొక ఆలోచన వచ్చింది. మట్టి పైకి తియ్యడం దేనికి? ఇనప పైపు చివర మొన పెట్టి, మొన పైన కన్నాలు పెట్టి, సుత్తితో నేలలోకి దిగ్గొడితే చాలు కదా? చుట్టూ మట్టి బిగుసుకుని గాలి లోపలికి పోదు. పైన పంపు కొడితే ఆ లాగే బలం నేరుగా నేలలో ఉన్న నీటి మీద పనిచేస్తుంది. ఇసుక రాకుండా కన్నాల మీద తీగ జాలీ చుట్టడం కూడా ఈ బావులకి మామూలైపోయింది. మన ఫిల్టర్ పాయింట్‌కి ఇది తాతలాంటిది అనుకోండి.

ఈ రకం బావి చాలా వేగంగా పాకింది. 1867-68లో బ్రిటిష్ సైన్యం బొంబాయి నుంచి అబిసీనియా, అంటే ఇప్పటి ఇథియోపియా మీదికి వెళ్లినప్పుడు నార్టన్ ట్యూబ్ వెల్స్ అనే ఇలాంటి పైపుల్నే తీసుకెళ్లింది. అప్పట్నించి ఇంగ్లండ్‌లో దానికి అబిసీనియన్ వెల్ అనే పేరు పడింది.

గ్రీన్ మాత్రం లేట్ చేశాడు. 1861లో చేసి చూపించిన దానికి 1866లో దరఖాస్తు పెట్టాడు. 1868 జనవరిలో పేటెంట్ వచ్చింది. అప్పటికే జనం ఈ బావులు వేసుకోవడం మొదలుపెట్టేశారు. పేటెంట్ రాగానే దాని హక్కులు కొన్నవాళ్లు రైతుల దగ్గరికి వెళ్లి, మీ పొలంలో ఈ పైపు ఉంది కాబట్టి రాయల్టీ కట్టమన్నారు. బావికి పది డాలర్లు. ఒక్కసారి ఊహించుకోండి. మీ పొలం, మీ నీళ్లు, మీరు కొన్న పైపు, మీరు కొట్టిన సుత్తి దెబ్బలు. ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి వచ్చి కాగితం చూపించి డబ్బులు అడుగుతున్నాడు. కట్టనివాళ్ల మీద కేసులు. అయోవా లాంటి రాష్ట్రాల్లో రైతులు ఎదురు తిరిగారు.

ఇక్కడ ట్విస్ట్ చూడండి. 1887లో ఒక కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఈ పేటెంట్ చెల్లుతుంది అంది. అదే ఏడాది నవంబర్‌లో, అయోవా నుంచి వచ్చిన ఇంకో కేసులో, అదే సుప్రీంకోర్టు చెల్లదు అంది. కారణం ఏంటంటే, దరఖాస్తుకి రెండేళ్లకంటే ముందే ఆ బావి జనం వాడకంలో ఉంది. గ్రీన్ తరఫు వాళ్లు "వాళ్లు పర్మిషన్ లేకుండా వాడారు" అని వాదించారు. పర్మిషన్ ఉన్నా లేకపోయినా వాడకం వాడకమే అని కోర్టు తేల్చింది. అప్పటికి పేటెంట్ గడువు 17 ఏళ్లు కూడా అయిపోయింది. అప్పటిదాకా రాయల్టీ కట్టినవాళ్లు కట్టారు, కేసుల చుట్టూ తిరిగినవాళ్లు తిరిగారు.

నాకు ఈ కథలో బాగా తగిలింది ఒకటుంది. ఎగ్జామినర్ ముందు ఉండేవి కాగితాలు. పొలంలో ఏం జరుగుతుందో కాగితం మీదికి రాకపోతే ఆయనకి కనిపించదు. జనం బావులు వేసుకున్న సంగతి అసలు ప్రశ్నగా మారి తేలడానికి 20 ఏళ్ల కోర్టు పోరాటం పట్టింది.

సరే, మావయ్య మూడు జాలీలకి వద్దాం. ఎగ్జామినర్ టేబుల్ మీదికి ఇది వస్తే ఆయన ముఖ్యంగా చూసేవి రెండు. ఒకటి, ఇది కొత్తదా? అంటే ఇందులో ఉన్నవన్నీ కలిపి ఇంతకుముందే ఒకచోట ఉన్నాయా? రెండు, కొత్తదే అయినా, ఆ పని తెలిసిన మామూలు మనిషికి తట్టే మార్పేనా?

నా పాత ఇరిగేషన్ టెక్స్ట్‌బుక్ తీశాను. పరీక్షకి ముందు రాత్రి బట్టీ పట్టి మర్చిపోయిన పేజీ ఒకటి కనిపించింది. ట్యూబ్‌వెల్ స్ట్రెయినర్లలో రకాలు: కుక్, బ్రౌన్‌లీ, ఆష్‌ఫర్డ్, లెగెట్. ఆష్‌ఫర్డ్ స్ట్రెయినర్ ఎలా ఉంటుందంటే, కన్నాల పైపు చుట్టూ ముందు ఒక తీగ చుడతారు, దాని మీద సన్న జాలీ, పైన కాపాడటానికి ఇంకో వల. చదివి ఒక్క నిమిషం అలాగే కూర్చున్నాను. ఇది మావయ్య చేసిందే కదా!

ఆ మధ్యలో తీగ ఎందుకో చెప్తాను. సన్న జాలీ నేరుగా పైపుకి అంటుకుంటే, పైపు కన్నం ఉన్నచోట మాత్రమే జాలీ పనిచేస్తుంది. మిగతా జాలీ అంతా వేస్ట్. మధ్యలో తీగతో కాస్త ఖాళీ ఇస్తే నీళ్లు జాలీ మొత్తం నుంచి వచ్చి, ఆ ఖాళీలో పాక్కుంటూ కన్నానికి చేరతాయి. మావయ్య అడుగున వేసిన లావు జాలీ చేస్తున్న పని ఇదే. పుస్తకం చదవకుండా, తన చేతులతో, మళ్లీ కనిపెట్టాడు.

పొరలు కలపడం ఎప్పటికీ ఇన్వెన్షన్ కాదా? అలా కాదు. మన పేటెంట్ చట్టం, 1970, సెక్షన్ 3(ఎఫ్) ఏమంటుందంటే, తెలిసిన వస్తువుల్ని పక్కపక్కన పెట్టి, ఒక్కొక్కటి తన పాత పని తాను చేసుకుంటూ పోతే అది ఇన్వెన్షన్ కాదు. మనం నాలుగు లైబ్రరీలు ఇంపోర్ట్ చేసినంత మాత్రాన కొత్త అల్గారిథమ్ రాసినట్టు కాదు కదా, అలాగ. 1978లో మన సుప్రీంకోర్టు మీర్జాపూర్ గిన్నెల తయారీ కేసులో చెప్పిందీ ఇదే. లేత్ మీద గిన్నె పట్టి ఉంచే పద్ధతికి తీసుకున్న పేటెంట్ అది. వర్క్‌షాప్‌లో జరిగే మామూలు మెరుగుదల చాలదు, దాన్ని మించి ఏదో ఉండాలి అని పేటెంట్ కొట్టేసింది. పొరలు కలిస్తే ఎవరూ ఊహించని ఫలితం వస్తే అప్పుడు వేరే మాట. ఉదాహరణకి జాలీ పొరల్ని కొలిమిలో కరగకుండా వేడి చేసి, తీగ తీగకి అతుక్కునేలా చేస్తారు. దాన్ని సింటరింగ్ అంటారు. అప్పుడు ఒత్తిడి పడినా కన్నాలు జరగవు. కానీ అది కూడా ఇప్పుడు పాతదే. ఇవాళ ఎవరైనా అలాంటి పైపుకి పేటెంట్ అడిగితే, "మీరు దానికి ఏం కలిపారు?" అనే ఎగ్జామినర్ అడుగుతాడు.

ఇంకో దెబ్బ ఉంది. మావయ్య ఆల్రెడీ ఆరేడు పొలాల్లో చుట్టాడు, వీడియో పెట్టాడు. అమెరికాలో ఇప్పుడు ఇన్వెంటర్ తనే బయటపెడితే ఏడాది టైముంది. మన చట్టంలో ప్రభుత్వం గుర్తించిన ఎగ్జిబిషన్‌లో చూపించడం లాంటి కొన్ని సందర్భాలకే 12 నెలల వెసులుబాటు. కాబట్టి ఫ్రెండ్స్, మీ దగ్గర నిజంగా కొత్త ఐడియా ఉంటే ముందు ఫైల్ చేయండి, తర్వాతే రీల్ చేయండి.

రెండు రోజుల తర్వాత మావయ్యకి ఫోన్ చేశాను. "60 వేలు కట్టకు మావయ్యా, ఇది వంద శాతం నీ తెలివే, కానీ పేటెంట్ రాదు" అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. బాధపడ్డాడని తెలుస్తూనే ఉంది. తర్వాత "అయితే రేపు ఎవడైనా దీన్నే తన పేరు మీద రాయించుకుంటే?" అన్నాడు.

అప్పుడు అయోవా రైతుల కథ చెప్పాను. "నీ వీడియో డిలీట్ చెయ్యకు. తేదీతో సహా దాచు. ఆ పొలాల వాళ్లెవరో రాసి పెట్టుకో. మన దేశంలో ఎవరైనా దరఖాస్తు పెడితే, అది పబ్లిష్ అయ్యాక, పేటెంట్ ఇచ్చేలోపు ఎవరైనా సరే అభ్యంతరం పెట్టొచ్చు. సెక్షన్ 25 అంటారు. 2024కి ముందు దానికి ఫీజు కూడా ఉండేది కాదు. నీకు పేటెంట్ రాకుండా చేసింది ఏదో, అదే ఇంకొకడికి కూడా రాకుండా చేస్తుంది. మీ ఊళ్లో ఏ రైతు దగ్గరికీ ఎవడూ వచ్చి పైపుకి ఇంత కట్టు అని అడగలేడు."

మావయ్య నవ్వి, "అయితే ఆ 60 వేలతో ఇంకో పాయింట్ వేస్తాలే" అన్నాడు. నిన్న మళ్లీ ఫోటో పంపాడు. ఈసారి నాలుగు పొరలు. నేను మొదట అడిగింది ఒక్కటే, "గ్రూపులో పెట్టావా, ఇంకా పెట్టలేదా?"

మీ ఊళ్లో కూడా ఇలాంటి మావయ్యలు ఉంటే, వాళ్లు చేసింది తేదీతో రాసి పెట్టండి. కామెంట్స్‌లో చెప్పండి, నేను చదువుతాను. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.