పాలిచ్చే అరగంట: ఒక ఆలస్యపు జవాబు

మొన్నామధ్య మా సంఘం జిల్లా శాఖ కథాపఠనంలో ఒక కొత్త రచయిత్రి కథ చదివింది. చిన్న కథ. సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పనిచేసే ఒక స్త్రీ ఏడు నెలల బిడ్డను అత్తగారికి వదిలి వస్తుంది. రోజుకు రెండుసార్లు మరుగుదొడ్డిలో గడియ పెట్టుకుని పంపుతో పాలు తీసుకుంటుంది. ఆ సీసాను అందరూ అన్నం డబ్బాలు పెట్టుకునే ఫ్రిజ్‌లో పెట్టలేక ఒకరోజు సింకులో పారబోస్తుంది. అంతే.

చర్చలో ఒక పెద్దాయన లేచారు. నేను గౌరవించే విమర్శకుడు. “శిల్పం బాగుందమ్మా. కాని ఇది ఒక మధ్యతరగతి ఉద్యోగిని సొంత ఇబ్బంది. ఇందులో వర్గం ఎక్కడుంది?” అన్నారు. ఆ అమ్మాయి, “ఆలోచిస్తాను మాస్టారూ” అని కూర్చుంది. జవాబు చెప్పవలసిన వాళ్లలో నేనొకదాన్ని. చెప్పలేదు. ఈ వ్యాసం ఆ మౌనానికి పరిహారం.

వర్గం ఎక్కడుందని అడిగేవారికి మొదట చూపించవలసింది ‘పెట్టుబడి’ మొదటి సంపుటమే. 1867లో వచ్చిన ఆ గ్రంథంలో, యంత్రాల మీద రాసిన అధ్యాయంలో మార్క్స్ ఒక సంగతి ప్రస్తావిస్తాడు. అమెరికా అంతర్యుద్ధం వల్ల పత్తి రాక ఇంగ్లండులో మిల్లులు మూతపడ్డాయి. లాంకషైర్ కార్మికుల ఆరోగ్యం ఎలావుందో చూసి రమ్మని ప్రభుత్వం డాక్టర్ ఎడ్వర్డ్ స్మిత్‌ను పంపింది. కూలి లేదు, తిండి చాలదు. అయినా ఆ సంక్షోభంలో ఒక మేలు జరిగిందని ఆయన గమనించాడు. తల్లులకు బిడ్డలకు పాలిచ్చే తీరిక దొరికింది. మిల్లు నడుస్తున్న రోజుల్లో ఆ బిడ్డలకు దక్కేది గాడ్‌ఫ్రే కార్డియల్, అంటే నల్లమందు కలిపిన ద్రావకం. ఆకలికి ఏడవకుండా నిద్రపుచ్చే మందు. మిల్లు మూతపడితే తప్ప బిడ్డకు తల్లిపాలు దక్కని వ్యవస్థ అది. ఇంతకంటే స్పష్టంగా వర్గం ఎక్కడ కనబడుతుంది?

ఆ నల్లమందు లాంకషైర్‌లో ఆగిపోలేదు. మిల్లుతో పాటు బొంబాయికి వచ్చింది. అక్కడ దాని పేరు బాలగోళీ. తల్లి షిఫ్టుకు వెళ్లేముందు బిడ్డ నోట్లో వేసే చిన్న మాత్ర. 1920లలో బొంబాయి స్త్రీ కార్మికుల మీద వెలువడిన నివేదికలు దీన్ని పదేపదే ప్రస్తావించాయి. తల్లుల అజ్ఞానమని విసుక్కున్నవారూ వున్నారు. ఆ తల్లి అజ్ఞాని కాదు, ఆమె దగ్గర అరగంట లేదు.

ఆ అరగంటకు ఒక చరిత్ర వుంది. 1919లో వాషింగ్టన్‌లో జరిగిన మొదటి అంతర్జాతీయ కార్మిక మహాసభ ప్రసూతి రక్షణ ఒప్పందాన్ని ఆమోదించింది. కాన్పుకు ముందు ఆరు వారాలు, తర్వాత ఆరు వారాలు సెలవు. పాలిచ్చే తల్లికి పనిగంటల్లోనే రోజుకు రెండుసార్లు అరగంట చొప్పున విరామం. సోవియట్ రష్యా 1922 కార్మిక స్మృతి మూడున్నర గంటలకొకసారి అరగంటకు తగ్గకుండా ఇచ్చింది. భారతదేశం ఆ 1919 ఒప్పందాన్ని ధ్రువీకరించనే లేదు. 1924లో ఎన్.ఎం. జోషి కేంద్ర శాసనసభలో ప్రసూతి బిల్లు పెడితే మరుసటి ఏడు అది ఓడిపోయింది. 1928లో బొంబాయి కౌన్సిల్లో అటువంటి బిల్లు మీద అంబేద్కర్ మాట్లాడారు. తల్లికి విశ్రాంతి ఇవ్వడం జాతి ప్రయోజనమన్నారు. ఈ భారంలో ఎక్కువ భాగం ప్రభుత్వమే మోయాలని ఒప్పుకుంటూనే, స్త్రీలను పెట్టుకుని లాభపడే యజమాని కూడా బాధ్యుడేనన్నారు. యజమానుల ఎదురువాదం మనకు కొత్తది కాదు: ఇలా చేస్తే ఆడవాళ్లను పనిలోకే తీసుకోం. బొంబాయిలో 1929లో చట్టం వచ్చింది. మన ఆంధ్ర జిల్లాలు కూడా చేరివున్న మద్రాసు రాష్ట్రంలో 1934లో వచ్చింది.

చట్టాలన్నీ మిల్లు గేటు లోపలే. పొలానికి గేటు లేదు, చట్టమూ లేదు. తుమ్మ కొమ్మకు పాతచీర ఉయ్యాల కట్టి నాట్లలోకి దిగిన తల్లి గట్టెక్కి బిడ్డకు పాలివ్వాలంటే ఎవరి అనుమతి కావాలి? తెలంగాణ సాయుధ పోరాటం గురించి పెద్దలు చెప్పుకుంటూ వచ్చిన జ్ఞాపకాల్లో ఒక దృశ్యం వుంది. బిడ్డకు పాలిచ్చి వస్తానన్న కూలితల్లిని, నువ్వు బాలింతవని ఏమిటి నమ్మకం, పాలు పిండి చూపించమని గడీ మనుషులు నిలదీసేవారట. ఆమె అందరిముందూ దొప్పలోకి పిండి చూపాలి. చూపితే బిడ్డ దగ్గరికి పంపుతారు. బిడ్డకు చేరవలసిన పాలు అక్కడ సాక్ష్యమయ్యాయి. ఆ జ్ఞాపకాన్ని వేదిక మీద గొంతు వణుకుతూ చెప్పినవారిలో, మా కథాపఠనంలో లేచి మాట్లాడిన పెద్దాయన కూడా ఒకరు. దొప్పలో పిండిన పాలలో వర్గం చూసినవారికి, సింకులో పోసిన పాలలో ఎందుకు కనబడలేదు? దొరను గుర్తుపట్టినంత తేలికగా కంపెనీని గుర్తుపట్టలేకపోతున్నామా? లేక నెలజీతం తీసుకునే స్త్రీ శరీరాన్ని శ్రమలో భాగంగా చూడటం మనకింకా అలవాటు కాలేదా? రెండోదే నిజమని నా అనుమానం.

స్వాతంత్య్రం తర్వాత వచ్చిన 1948 ఫ్యాక్టరీల చట్టం యాభైమందికి మించి స్త్రీలు పనిచేసేచోట పిల్లల గది వుండాలంది. 1976లో ఆ సంఖ్యను ముప్పైకి దించారు. ఇరవై తొమ్మిదిమందితో సరిపెట్టుకున్న యజమానులెందరో మన కార్మిక సంఘాల వాళ్లు చెప్పాలి. 1961 ప్రసూతి ప్రయోజన చట్టం బిడ్డకు పదిహేను నెలలు నిండేదాకా రోజుకు రెండు పాలిచ్చే విరామాలు ఇచ్చింది. ఎంతసేపు? గనుల కోసం చేసిన 1963 నియమాల్లో ఒక్కో విరామం 15 నిమిషాలు. పిల్లల గది దూరమైతే నడకకు మరికొన్ని నిమిషాలు. 1919 నాటి అరగంట మనదాకా వచ్చేసరికి సగమైంది.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి. 2009లో నాకు కొడుకు పుట్టాడు. అప్పటికి మా ఉపాధ్యాయినులకు ప్రసూతి సెలవు 120 రోజులు. నాలుగు నెలల బిడ్డను మా అమ్మ దగ్గర వదిలి బడికి వెళ్లేదాన్ని. బస్సులో గంటంబావు. మూడో పీరియడుకు రొమ్ములు రాయిలా బిగిసేవి. ఒకరోజు తొమ్మిదో తరగతిలో తల్లి ఋణం తీరనిదని చెప్పే పద్యానికి అర్థం చెబుతున్నాను. వరండాలో ఎవరి పసిబిడ్డో ఏడ్చింది. అంతే, పాలు చేపుకొచ్చి రవిక తడిసిపోయింది. కొంగు కప్పుకుని పద్యం పూర్తిచేశాను. మరుగుదొడ్డికి గడియ లేదు. మా బడి ఆయమ్మ తలుపు దగ్గర వీపు ఆనించి నిలబడితే లోపల గోడవైపు తిరిగి పిండి పారబోసేదాన్ని. పంపు అనేది ఒకటుందని నాకు తెలియదు. తెలిసినా ఆ పాలు దాచేచోటు లేదు. గది వేడిలో నాలుగు గంటలకు మించి నిలవవు. పాలకు ఒక నియమం వుంది. బిడ్డ తాగినకొద్దీ, తీసినకొద్దీ ఊరతాయి, తీయకపోతే ఇగిరిపోతాయి. మూడు నెలల్లో నావి ఇగిరిపోయాయి, డబ్బాపాలు వచ్చాయి. 2010 మే నెలలో సెలవును 180 రోజులు చేస్తూ ప్రభుత్వ ఉత్తర్వు వచ్చింది. దాన్ని చదువుతూ నేను సంతోషించాను, ఏడ్చాను కూడా. ఇదంతా సొంత ఇబ్బందేనని ఆనాడు నేనూ అనుకున్నాను. అందుకే ఎక్కడా రాయలేదు.

పంపు చరిత్ర కూడా చూడండి. 1854లోనే అమెరికాలో ఆర్వెల్ నీధామ్ అనే ఆయన దీనికి పేటెంటు తీసుకున్నాడు. 1920లలో ఒక మెరుగైన యంత్రం చేసిన ఎడ్వర్డ్ లాస్కర్ ఇంజనీరు, పేరున్న చదరంగం ఆటగాడు కూడా. 1956లో స్వీడన్ ఇంజనీరు ఐనార్ ఎగ్నెల్ నొప్పి తగ్గించే నమూనా తెచ్చాడు. ఇవన్నీ చాలాకాలం ఆసుపత్రి పరికరాలే. నెల తక్కువ పిల్లల కోసం, రొమ్ము పట్టలేని పిల్లల కోసం. సంచిలో పెట్టుకుని ఉద్యోగానికి తీసుకెళ్లే విద్యుత్ పంపు 1990లలో బజారుకొచ్చింది. అది మొదట ఎక్కడ ఇంతగా అమ్ముడుపోయిందో గమనించాలి. 1993 చట్టం ప్రకారం పన్నెండు వారాల సెలవు, అదీ జీతం లేకుండా, అదీ అందరికీ కాకుండా ఇచ్చిన అమెరికాలో. అక్కడ 2010 చట్టం మరుగుదొడ్డి కాని వేరే చోటు చూపించమని యజమానిని ఆదేశించింది. అయితే అది ప్రధానంగా గంటకూలీల వారికి. నెలజీతపు ఆఫీసు ఉద్యోగినులు చాలామందికి 2022 డిసెంబరు చట్టం దాకా ఆ హక్కు అందలేదు. అక్కడికి వెళ్లిన మన ఆడపిల్లలూ ఆ గదుల్లోనే కూర్చుంటున్నారు. యంత్రం చెడ్డదని నేననను. అది నాకు దొరికివుంటే నా కొడుకు ఇంకొన్నాళ్లు తాగేవాడు. కాని తల్లికి సెలవివ్వని సమాజం తల్లి నుంచి పాలను వేరుచేసే యంత్రాన్ని ఇచ్చింది. మనిషి పనిలో వుంటుంది, పాలు ఇంటికి వెళతాయి. దీనికి పరాయీకరణ అని కాక వేరే మాట వుంటే పెద్దలు చెప్పాలి.

మనకు 2017 సవరణతో మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారాల సెలవు వచ్చింది. యాభైమంది పనిచేసేచోట పిల్లల గది, తల్లి రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్లి రావచ్చు. 2025 నవంబరు 21 నుంచి 1961 చట్టం సామాజిక భద్రతా స్మృతిలో కలిసిపోయింది. విరామాలు, పదిహేను నెలల గడువు అందులోనూ వున్నాయి. ఆరునెలల తర్వాత కూడా రెండేళ్లదాకా పాలివ్వమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆ మధ్యకాలమే కథలోని స్త్రీ గడియపెట్టుకున్న కాలం.

సాహిత్యం ఈ చోటికి రాలేదా? వచ్చింది. మహాశ్వేతాదేవి ‘స్తనదాయిని’లో యశోద పాలివ్వడమే వృత్తిగా బతికి, ఆ రొమ్ముకు వచ్చిన క్యాన్సర్‌తోనే చనిపోతుంది. తెలుగులో కొండేపూడి నిర్మల ‘లేబర్ రూమ్’ కవిత కాన్పుగదిని కవితావస్తువు చేసింది. ఆనాడు కూడా కొందరు ఇదే ప్రశ్న వేశారు. కాన్పుగది దాటి ఆఫీసు మరుగుదొడ్డి దాకా వచ్చిన కథను మనం వెనక్కి పంపబోయాం.

ఆ కథ మీద నాకూ ఒక ఫిర్యాదు వుంది. అందులో ఒకే ఒక వాక్యంలో ఒక మనిషి వచ్చిపోతుంది. తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందా అని తుడుపుకర్ర పట్టుకుని బయట నిలబడ్డ కాంట్రాక్టు పనిమనిషి. ఆమె కూడా బాలింత కావచ్చు. ఆమెకు 26 వారాలు కాగితం మీదైనా చేరాయా? దినకూలీ మస్టర్‌లో వున్న స్త్రీలకూ ప్రసూతి ప్రయోజనం ఇవ్వాలని 2000లో ఢిల్లీ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు ఆ గుత్తేదారుకు తెలుసా? సింకులో పోసిన పాలను కడిగింది ఆమె. ఆ ఒక్క వాక్యాన్ని ఒక పేజీ చేయమని ఆ అమ్మాయికి ఉత్తరం రాశాను. రెండో ప్రతి వచ్చే సమావేశంలో చదువుతానంది. మాస్టారు కూడా వస్తానన్నారు.