రాకాసి గుళ్ళు, రేపు రావాల్సిన స్త్రీ

1998లో సైబర్ టవర్స్ లేచాకే మాదాపూర్, గచ్చిబౌలి నేలకి చరిత్ర మొదలైనట్టు మాట్లాడతాం. కానీ గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయ ఆవరణలో ఇనుపయుగపు సమాధులు బయటపడ్డాయి. చనిపోయినవాళ్ళ పక్కన కుండలు, ఇనుప పనిముట్లు పెట్టి, చుట్టూ పెద్ద బండలు పేర్చే ఆచారం ఆ కాలానిది.

తెలుగు పల్లెల్లో ఇలాంటి సమాధుల్ని రాకాసి గుళ్ళంటారు. అంతటి బండల్ని మనుషులు ఎత్తారంటే నమ్మలేక రాక్షసులకి అంటగట్టారు. రాకాసి అనగానే మనకి తోచేది ఆడరూపమే. ఎదురు తిరిగిన ఆడదాన్ని తిట్టే మాటా అదే. ఆ బండలు మోసిన చేతుల్లో ఆడవాళ్ళవీ ఉండి ఉంటాయన్న ఊహ మాత్రం కథలోకి రాలేదు.

ఇళ్ళ చుట్టూ అల్లుకున్న భయానిదీ ఇదే దారి. 1990లలో తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసుకున్నారు. రాత్రి తలుపు తట్టే ఆడదెయ్యం అది చదివి వెనక్కి పోతుందట. చదువు వచ్చిన దెయ్యం, చెప్పిన మాట వినే దెయ్యం! అయినా రాత్రిపూట ఒంటరిగా తిరుగుతోంది కాబట్టి ఆమె దెయ్యమే. ఇవాళ ఇదే ఐటీ కారిడార్‌లో నైట్ షిఫ్ట్ ముగించుకుని ఇంటి తలుపు తట్టే అమ్మాయిలు ఎందరో. వాళ్ళని చూసే చూపులో ఆ రాత పూర్తిగా చెరిగిందా?

అలాగని ఈ కథలన్నిటినీ మూఢనమ్మకాలని కొట్టిపారేయలేం. నారాయణపేట జిల్లా ముడుమాల్ నిలువురాళ్ళు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి. వాటిలో ఒక రాయిని ఊరివాళ్ళు ఎల్లమ్మగా కొలుస్తారు. పసుపు కుంకుమ పెట్టిన రాయిని పగలగొట్టడానికి ఎవరికైనా చెయ్యి వణుకుతుంది. ఐర్లండ్‌లోనూ అంతే. అక్కడి పాత రాళ్ళు, మట్టికోటలు అదృశ్యజాతివని నమ్మి రైతులు నాగలి తగలనిచ్చేవారు కాదు. 1999లో క్లేర్ కౌంటీలో రహదారికి అడ్డొచ్చిన అలాంటి ఒక ముళ్ళచెట్టు కోసం కథకుడు ఎడ్డీ లెనిహాన్ పోరాడారు. చెట్టు నిలిచింది.

2025 మార్చి చివర కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లోకి యంత్రాలు దిగాయి. విద్యార్థులు అడ్డుపడ్డారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపమంది. యంత్రానికి ఎల్లమ్మ భయం లేదు. కోర్టుకి కాగితం కావాలి. రాయికి పసుపు రాసిన ఆడవాళ్ళ జ్ఞాపకం ఏ కాగితం మీదా లేదు. ఆ కథల్ని వాళ్ళ నోటే విని రాసుకోవడం మన పని. రాకాసి అన్న పేరు వెనకున్న మనిషిని వెతకడం కూడా.