బస్సులో చదివిన చరిత్ర

అమెరికా దక్షిణాది రాష్ట్రాల రహదారుల మీద వసంతకాలపు సెలవుల్లో ప్రయాణించేవారికి ఒక దృశ్యం సుపరిచితమే. బడిపిల్లలతో నిండిన బస్సులు అట్లాంటా నుంచి మాంట్‌గొమరీకి, అక్కణ్ణుంచి సెల్మాకు, బర్మింగ్‌హామ్‌కు, మెంఫిస్‌కు సాగిపోతుంటాయి. పౌరహక్కుల ఉద్యమం జరిగిన ఊళ్ళను పిల్లలకు స్వయంగా చూపించాలన్నది ఆ యాత్రల ఉద్దేశం. 2018లో ఈ స్థలాలను వందకు పైగా ఒక వరుసలో చేర్చి, పౌరహక్కుల బాట అని పేరు కూడా పెట్టారు. మన కాశీయాత్రలాగా దీనికీ ఒక క్రమం ఏర్పడింది. అయితే ఇక్కడి దర్శనీయ స్థలాల్లో గోపురాలు లేవు. ఒక బస్సు స్టాపు, ఒక వంతెన, ఒక చర్చి మెట్లు, ఒక మోటల్ గది. అంతే.

మా అమ్మాయి ఎనిమిదో తరగతిలో ఉండగా వాళ్ళ బడి తరఫున నాలుగు రోజుల ఇటువంటి యాత్ర ఏర్పాటైంది. పిల్లల వెంట పెద్దవాళ్ళు కొందరు ఉండాలంటే నేనూ పేరిచ్చాను. నలభై మంది పిల్లల్లో తెలుగువాళ్ళు నలుగురు. బయలుదేరిన గంటకే ఆ నలుగురిలో ఒక అబ్బాయి వెనక్కి తిరిగి, “అంకుల్, అప్పుడు మనం ఉండి ఉంటే బస్సులో ఏ వైపు కూర్చునేవాళ్ళం?” అని అడిగాడు. ఆ యాత్రంతా నా వెంట వచ్చినది ఆ ప్రశ్నే.

మొదట మాంట్‌గొమరీ సంగతి. ఇక్కడి సిటీ బస్సుల్లో ముందు పది సీట్లు తెల్లవాళ్ళవి. నల్లవాళ్ళు ముందు తలుపు దగ్గర పది సెంట్లు చెల్లించి, మళ్ళీ దిగి, వెనక తలుపు గుండా ఎక్కాలి. మధ్యలో ఉన్న సీట్లలో నల్లవాళ్ళు కూర్చోవచ్చు గాని, తెల్లవాళ్ళు వచ్చి నిలబడితే లేవాలి. 1955 డిసెంబరు 1న రోజా పార్క్స్ లేవలేదు. ఆవిడ అలసిపోయిన కుట్టుపనివాళ్ళావిడ అనీ, కాళ్ళు నొప్పిపుట్టి లేవలేదనీ పాఠ్యపుస్తకాలు చాలాకాలం చెప్పాయి. కాని ఆవిడ అప్పటికే పన్నెండేళ్ళుగా నల్లజాతి హక్కుల సంఘంలో పనిచేస్తున్న కార్యకర్త. అంతకు తొమ్మిది నెలల ముందే, 1955 మార్చి 2న, క్లాడెట్ కోల్విన్ అనే పదిహేనేళ్ళ బడిపిల్ల అదే ఊళ్ళో సీటు విడవనందుకు అరెస్టయింది. ఆ సంగతి విన్నప్పుడు మా బస్సులోని పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆ అమ్మాయికి తమకంటే ఒకటి రెండేళ్ళే ఎక్కువ!

పార్క్స్ అరెస్టయిన రాత్రి అలబామా స్టేట్ కాలేజీలో అధ్యాపకురాలు జో ఆన్ రాబిన్సన్ ఇద్దరు విద్యార్థుల సాయంతో తెల్లవారేదాకా వేలకొద్దీ కరపత్రాలు సైక్లోస్టైల్ తీశారు. డిసెంబరు 5న మొదలైన బస్సుల బహిష్కారం 381 రోజులు నడిచింది. ఒక ఉపన్యాసంతోనో, ఒక నాయకుడి తేజస్సుతోనో అది నడవలేదు. వంటమనుషులు, బట్టలుతికేవాళ్ళు, కూలీలు ఏడాదికి పైగా నడిచి పనికి వెళ్ళారు. టాక్సీవాళ్ళు బస్సు చార్జీకే ఎక్కించుకుంటుంటే, 45 సెంట్లకు తక్కువ తీసుకోకూడదన్న నిబంధనను నగరాధికారులు బయటకు తీశారు. అప్పుడు చర్చిల ఆధ్వర్యంలో వందలాది కార్లతో సొంత రవాణా ఏర్పాటు చేసుకున్నారు. పాత చట్టం ఒకటి వెదికి ఎనభై మందికి పైగా నాయకుల మీద కేసులు పెట్టారు. 1956 జనవరి 30న కింగ్ ఇంటి మీద బాంబు పడింది. చివరికి బస్సుల్లో వేర్పాటు చెల్లదని తేల్చిన దావా పార్క్స్ వేసినది కాదు. నలుగురు ఇతర స్త్రీలు వేసినది. వారిలో క్లాడెట్ కోల్విన్ ఒకరు. 1956 నవంబరు 13న సుప్రీంకోర్టు ఆ తీర్పును ఖాయం చేసింది.

అప్పటికి మార్టిన్ లూథర్ కింగ్ మాంట్‌గొమరీలో డెక్స్‌టర్ ఎవెన్యూ చర్చి పాస్టరు. అప్పుడాయన వయస్సు ఇరవయ్యారేళ్ళు. ఆ చర్చి మెట్ల మీద నిలబడితే ఎదురుగా రాష్ట్ర శాసనసభ భవనం కనిపిస్తుంది. 1861 ఫిబ్రవరిలో బానిసత్వాన్ని కాపాడుకోవడానికి విడిపోయిన రాష్ట్రాల అధ్యక్షుడిగా జెఫర్సన్ డేవిస్ ప్రమాణం చేసింది అక్కడే. రెంటికీ మధ్య నడిచి వెళ్ళే దూరమే.

అదే ఊళ్ళో ఒక మిట్ట మీద 2018లో తెరిచిన స్మారకం ఉంది. 1877కు 1950కి మధ్య మూకల చేతిలో హతులైన 4,400 మందికి పైగా నల్లవారి జ్ఞాపకార్థం కట్టినది. ఘాతుకం జరిగిన ఒక్కొక్క కౌంటీకి ఒక్కొక్క ఉక్కు దిమ్మ చొప్పున ఎనిమిది వందలకు పైగా దిమ్మలు. మొదట అవి మన కళ్ళ ఎత్తున నిలబడి ఉంటాయి. నడుస్తున్నకొద్దీ నేల దిగువకు పోతుంది, దిమ్మలు తలల పైన వేలాడతాయి. పిల్లలు తమ కౌంటీల పేర్లు వెదకసాగారు. అట్లాంటా ఉన్న ఫుల్టన్ కౌంటీ పేరు దొరకగానే అంతవరకూ వినిపించిన గుసగుసలు ఆగిపోయాయి. చరిత్ర ఎక్కడో వేరే ఊళ్ళో జరిగిందన్న ధీమా ఆ ఇనుప పలక కింద నిలవలేదు.

సెల్మా చిన్న ఊరు. 1965 నాటికి ఆ కౌంటీలో ఓటు వయస్సు వచ్చినవారిలో సగం మంది నల్లవాళ్ళు. జాబితాకెక్కినవారు మాత్రం నూటికి ఇద్దరు. నమోదు కార్యాలయం నెలకు రెండు రోజులే తెరిచేవారు. ఆ రోజున క్యూలో నిలబడితే ఉద్యోగం పోయేది. లోపలికి వెళ్ళగలిగినవారికి రాజ్యాంగం మీద ప్రశ్నలు వేసి, గుమాస్తా ఇష్టం వచ్చినట్టు తప్పించేవారు. 1965 జనవరి 22న వందమందికి పైగా నల్లజాతి ఉపాధ్యాయులు, జైలుకైనా సిద్ధమేనన్న గుర్తుగా టూత్‌బ్రష్షులు వెంట పెట్టుకొని, కోర్టు మెట్ల దాకా వరుసగా నడిచారు. సర్కారు జీతం మీద బతికేవాళ్ళు అంత తెగువ చూపిన తరువాత పిల్లలు ఇంట్లో కూర్చోలేదు.

ఫిబ్రవరిలో పక్క ఊళ్ళో జిమ్మీ లీ జాక్సన్ అనే యువకుణ్ణి పోలీసు కాల్చి చంపాడు. ఆ ఆగ్రహంతోనే మార్చి 7న దాదాపు ఆరువందల మంది ఎడ్మండ్ పెట్టస్ వంతెన ఎక్కారు. ఆ వంతెన పేరు వేర్పాటు సైన్యంలో జనరల్‌గా పనిచేసినవాడిది. వంతెన నడుమ మిట్టగా ఉంటుంది. అంచేత పైకి చేరేదాకా ఆవల ఏముందో కనిపించదు. ఆ రోజు అక్కడికి చేరిన జాన్ లూయిస్‌కు, హోసియా విలియమ్స్‌కు కనిపించినది లాఠీలతో, బాష్పవాయువుతో, గుర్రాలతో ఉన్న పోలీసు దండు. లూయిస్ తల పగిలింది. అయినా మార్చి 21న మళ్ళీ బయలుదేరి, 54 మైళ్ళు నడిచి, 25న పాతికవేల మందితో మాంట్‌గొమరీ చేరారు. 1965 ఆగస్టు 6న ఓటు హక్కు చట్టం మీద అధ్యక్షుడు జాన్సన్ సంతకం చేశాడు. ఆ చట్టంలోని ఒక ముఖ్యభాగాన్ని 2013లో సుప్రీంకోర్టు పనికిరాకుండా చేసిందన్నది కూడా పిల్లలకు అక్కడే చెప్పారు. గెలిచినది శాశ్వతంగా గెలిచినట్టు కాదని తెలియడం కూడా చదువే కదా!

బర్మింగ్‌హామ్‌లో కథ పూర్తిగా పిల్లలది. 1963 మే 2న వెయ్యిమందికి పైగా విద్యార్థులు బడులు మాని వీథుల్లోకి వచ్చారు. పెద్దలు జైలుకు వెళితే ఇంటి ఆదాయం పోతుంది, పిల్లలు వెళితే పోయేది ఒక పాఠమే అన్నది నాయకుల లెక్క. మర్నాడు వాళ్ళ మీదికి కుక్కలను వదిలారు, అగ్నిమాపక యంత్రాల నీటిధారలు ప్రయోగించారు. ఆ ఫోటోలు ప్రపంచమంతా చూసింది. పాల్గొన్న పిల్లలను బడి నుంచి వెళ్ళగొట్టాలని పాఠశాలల బోర్డు ఆజ్ఞ వేస్తే, పై కోర్టు దాన్ని కొట్టివేసింది. అదే ఏడు సెప్టెంబరు 15, ఆదివారం ఉదయం, పదహారో వీథి బాప్టిస్టు చర్చిలో బాంబు పేలి నలుగురు ఆడపిల్లలు మరణించారు. ఆడీ మే కాలిన్స్, కేరొల్ రాబర్ట్‌సన్, సింథియా వెస్లీ పద్నాలుగేళ్ళవాళ్ళు. డెనీస్ మెక్‌నెయిర్‌కు పదకొండేళ్ళు. ఒక నిందితుడికి 1977లోను, మరి ఇద్దరికి 2001, 2002లలోను శిక్ష పడింది. తల్లిదండ్రులు ముప్ఫై ఎనిమిది, ముప్ఫై తొమ్మిదేళ్ళు ఎదురుచూశారు.

మెంఫిస్‌లో లొరెయిన్ మోటల్ 306 నంబరు గది ముందు వసారాలో 1968 ఏప్రిల్ 4 సాయంత్రం కింగ్ హత్య జరిగింది. ఆయన ఆ ఊరికి ఎందుకు వచ్చాడన్నది చాలామంది మరిచిపోతారు. ఫిబ్రవరి 1న చెత్తబండి యంత్రంలో నలిగి ఇద్దరు పారిశుద్ధ్య కార్మికులు చనిపోయారు. దానితో పదమూడు వందల మంది సమ్మె కట్టారు. ‘నేనూ మనిషినే’ అన్న అర్థం వచ్చే అట్టలు మెడలో వేసుకొని నడిచారు. వారికి మద్దతుగా వచ్చాడు కింగ్. ఆయన్ని పిలిచినది జేమ్స్ లాసన్. ఈయన 1953 నుంచి 1956 దాకా మన నాగపూరులో హిస్లాప్ కళాశాలలో ఉండి, గాంధీ సత్యాగ్రహ పద్ధతులు అధ్యయనం చేసి, తిరిగి వచ్చి నాష్‌విల్ విద్యార్థులకు నేర్పినవాడు. జాన్ లూయిస్ ఆయన శిష్యుడే.

ఇక ఆ అబ్బాయి ప్రశ్న. దానికి తిరుగు ప్రయాణంలో నాకు తెలిసినంత జవాబు చెప్పాను. 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో, భారతీయుడు తెల్లవాడు కాడు కనుక పౌరసత్వానికి అర్హుడు కాడని అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 1946లో ఆ హక్కు వచ్చినా, ఏడాదికి వందమంది భారతీయులకే ప్రవేశం. 1941లో కమలాదేవి చట్టోపాధ్యాయ దక్షిణాదిలో రైలెక్కితే టికెట్ కలెక్టర్ తెల్లవాళ్ళ పెట్టెలోంచి లేవమన్నాడు. ఆవిడ భారతీయురాలని తెలిసి ఊరుకోబోతే, తానూ రంగుజాతి స్త్రీనేనని చెప్పి, కదలనని కూర్చున్నారు. 1964 మే నెలలో మిసిసిపీలోని జాక్సన్‌లో తెల్లవాళ్ళకు మాత్రమే ప్రవేశం ఉన్న హోటల్లోకి వెళ్ళబోయిన రామ్‌మనోహర్ లోహియాను పోలీసులు పట్టుకుపోయారు. అంటే, మనం ఏ వైపు కూర్చునేవాళ్ళమన్నది ఎదుటివాడి చూపును బట్టి మారేది. ఏ వైపు కూర్చోదలచుకున్నామన్నది మాత్రం మన చేతిలో ఉండేది. కమలాదేవి, లోహియా తమ వైపు తామే ఎంచుకున్నారు.

మరొక సంగతి కూడా చెప్పాను. జాతులవారీ పరిమితులను ఎత్తివేసిన వలస చట్టం మీద సంతకం జరిగినది 1965 అక్టోబరు 3న. ఓటు హక్కు చట్టం వచ్చిన రెండు నెలల లోపే, అదే కాంగ్రెసు, అదే అధ్యక్షుడు. పుట్టుకను బట్టి మనిషిని తూచడం తప్పని ఆ దేశం చేత ఒప్పించినవాళ్ళు ఆ వంతెన మీద దెబ్బలు తిన్నవాళ్ళే. మన డాక్టర్లు, ఇంజనీర్లు ఆ తరువాతే గదా వచ్చారు! మన ఇళ్ళలో నల్లవారి గురించి అలవాటుగా దొర్లే మాటలు నాకు తెలుసు, మీకూ తెలుసు. ఆ మాటలనేవారు తాము ఎవరి భుజాల మీదుగా ఈ దేశంలోకి వచ్చారో తెలుసుకోవలసి ఉంది.

ఇంతటితో ఆపితే జవాబు సగమే. 1959లో భారతదేశం వచ్చిన కింగ్‌ను తిరువనంతపురంలో హరిజన పిల్లల బడికి తీసుకువెళితే, ప్రధానోపాధ్యాయుడు ఆయన్ని అమెరికా నుంచి వచ్చిన సాటి అంటరానివాడని పరిచయం చేశాడట. కింగ్ మొదట నొచ్చుకొని, తరువాత ఆ మాట నిజమేనని ఒప్పుకున్నట్టు 1965 నాటి ప్రసంగంలో స్వయంగా చెప్పాడు. ఆ పోలిక ఆయనకు తోచింది. మనకు తోచకపోతే ఎలా?

నేను చదువుకున్నది తెనాలి ప్రాంతంలో. 1985 జూలై 17న కారంచేడులో, దళితుల మంచినీటి చెరువులో గేదెలను కడగవద్దన్న మాట దగ్గర మొదలై, ఆరుగురు దళితులు హతులయ్యారు. అడ్డుపడినది మున్నంగి సువార్త అనే స్త్రీ. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపారు. ప్రత్యేక న్యాయస్థానం 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు నిందితులందరినీ నిర్దోషులుగా విడిచిపెట్టింది. ఈ రెండు ఊళ్ళూ ఒక్క పూటలో చూసిరాగల దూరంలో ఉన్నాయి. మా బడివాళ్ళు మమ్మల్ని బస్సెక్కించి అమరావతి స్తూపం చూపించారు, నాగార్జునసాగర్ చూపించారు. పదిహేను కిలోమీటర్ల లోపున్న చుండూరు పేరు మాత్రం తరగతిలో ఒక్కనాడూ వినలేదు.

అమెరికా తన పాపాలు కడుక్కున్నదని నేననను. కాని తన పిల్లలను ఆ పాపం జరిగిన చోటికి తీసుకువెళ్ళి, చంపినవాడి జాతి పిల్లలనూ చచ్చినవాడి జాతి పిల్లలనూ ఒకే బస్సులో పక్కపక్కన కూర్చోబెట్టి, ఇది ఇక్కడ జరిగిందని చెప్పే ఉపాధ్యాయులు అక్కడ కొందరున్నారు. అలాంటి బస్సు ఒకటి తెనాలి నుంచి బయలుదేరితే, అందులో ఏ ఇంటి పిల్లలు ఎక్కుతారు? ఏ ఇంటివాళ్ళు తమ పిల్లలను పంపమంటారు? ఆ అబ్బాయి అడిగిన ప్రశ్నకు అసలు జవాబు అక్కడ ఉన్నదనుకుంటాను.