ఒంటరివాడి కోసం ఒక ప్రార్థన: ‘ఆల్టో రాప్సొడీ’ పుట్టుపూర్వోత్తరాలు

1869 వేసవిలో పియానో విద్వాంసురాలు క్లారా షూమన్ ఇంట పెళ్లి కబురు. మూడో కూతురు యూలీకి ఇటలీ జమీందారు ఒకరితో సంబంధం కుదిరింది. క్లారా ఆ సంగతి చెప్పగానే యోహానెస్ బ్రామ్స్ నిశ్చేష్టుడయ్యాడు. 36 ఏళ్ల ఆ స్వరకర్త యూలీ మీద మనసు పెట్టుకున్నాడే గాని ఎన్నడూ నోరు విప్పలేదు. సెప్టెంబర్ 22న పెళ్లయింది. ఆ రోజుల్లోనే ‘ఆల్టో రాప్సొడీ’ అనే కొత్త రచన ఒకటి తెచ్చి, ఇదే తన పెళ్లిపాట అని క్లారా చేతిలో పెట్టాడు. అందులోని దుఃఖం తనను ఎంతగా కదిలించిందో ఆమె డైరీలో రాసుకుంది.

సాహిత్యం మాత్రం అంతకు తొంభై ఏళ్ల ముందుది. 1777 చలికాలంలో కవి గోథే హార్ట్జ్ కొండలకు ప్రయాణం కట్టాడు. మనుషుల మీద విరక్తితో కుమిలిపోతూ తనకు ఉత్తరాలు రాసిన ప్లెసింగ్ అనే యువకుణ్ణి, తానెవరో చెప్పకుండానే వెళ్లి పలకరించాడు. ఆ ప్రయాణంలో పుట్టిన కవిత నుంచి బ్రామ్స్ నడిమి మూడు చరణాలే తీసుకున్నాడు.

మొదటి చరణం అందరినీ వదిలి పోతున్నవాడి గురించి, రెండోది ప్రేమే చేదైనవాడి గురించి. ఈ రెండూ సి మైనర్‌లో, స్త్రీ మంద్రస్వరం ఒక్కటే పాడుతుంది. ఆర్కెస్ట్రాలో ట్రంపెట్లు లేవు, డ్రమ్ములు లేవు. మూడో చరణం సి మేజర్‌కి తిరుగుతుంది. చెల్లో వాద్యకారులు కమాను పక్కనబెట్టి తీగల్ని వేళ్లతో మీటుతారు. అంతసేపూ మౌనంగా ఉన్న మగవాళ్ల కోరస్ అప్పుడు అందుకుంటుంది. బుర్రకథ వంతల్లా వాళ్లు ఆమె మాటకు తాళం వేయరు. ఆమె గొంతును కిందినుంచి మోస్తారు. ఈ మనిషి గుండెకు ఊరట ఇమ్మని అందరూ కలిసి దేవుణ్ణి వేడుకుంటారు. తన బాధతో మొదలుపెట్టిన బ్రామ్స్ దాన్ని పరాయివాడి కోసం మొక్కుగా ముగించాడు. ఈ రచన గొప్పతనమంతా అక్కడే ఉంది.

1870 మార్చి 3న యేనా నగరంలో పౌలీన్ వియార్డో దీన్ని తొలిసారి పాడింది. 1947లో కాథ్లీన్ ఫెరియర్ చేసిన రికార్డింగ్‌ను ఇప్పటికీ తలుచుకుంటారు.

ఢిల్లీ లక్ష్మీ నగర్‌లో సి.ఏ. కోచింగ్ కోసం ఊరొదిలి వచ్చి, ఇరుకు గదుల్లో ఒంటరిగా చదువుకునే పిల్లలకు ఈ పన్నెండు పదమూడు నిమిషాల సంగీతం వినిపించాలని నా కోరిక. జర్మన్ రాకపోయినా ఫర్వాలేదు. కోరస్ అందుకునే చోటు ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది.