శిస్తు సొమ్ము – పదసంపద: విజయనగరం, పిఠాపురం సంస్థానాల విద్యాపోషణ స్వరూపం

ఆధునిక తెలుగు సాహిత్య చరిత్రలో జమీందారుల పోషణ ప్రస్తావన తరచు రెండు విధాలుగా కనిపిస్తుంది. కృతిభర్తను స్తుతించి విడిచిపెట్టడం ఒకటి. భూస్వామ్య అవశేషమని తోసిపుచ్చడం మరొకటి. ఈ రెండింటిలోనూ ఒక ప్రశ్న మరుగున పడుతుంది. దాత ధనం దేనిని పరిశోధనార్హమైన విషయంగా గుర్తించింది, దేనిని గుర్తించలేదు? కళ, పరిశోధన, ప్రభుత్వ విధానం అనే మూడు రంగాలలోనూ ప్రభావం చూపిన రెండు సంస్థానాల పోషణను పోల్చి ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

విజయనగరం: నాటకం, లెక్క, బిల్లు

విజయనగర ప్రభువు ఆనంద గజపతి (1850–1897) విద్యాపోషణ బహుముఖమైనది. మాక్స్ ముల్లర్ పరిష్కరించిన సాయణభాష్య సహిత ఋగ్వేదం రెండవ ముద్రణకు ఆర్థిక సహాయం చేసింది ఆయనే. గురజాడ అప్పారావు 'కన్యాశుల్కం' 1892లో ఆయన పోషణలో ప్రదర్శితమైంది. 1897లో అచ్చయిన తొలి కూర్పు ఆయనకే అంకితమైంది. అయితే ఆ కూర్పు ఆంగ్ల పీఠికలో గురజాడ నమోదు చేసిన మరొక విషయం ఇక్కడ ముఖ్యం. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ల కాలంలో జరిగిన శుల్క వివాహాల పట్టికను ఆనంద గజపతి తయారు చేయించారు. ఆ పట్టిక సమగ్రం కాకపోయినా అందులో చేరిన వివాహాల సంఖ్య 1,034. ఈ దురాచారాన్ని అరికట్టే ఉద్దేశంతో మద్రాసు శాసనసభలో ఆయన బిల్లు కూడా ప్రవేశపెట్టారు. అది చట్టం కాలేదు.

ఒకే పోషకుని అండన ఒకే సమస్య మూడు రూపాలు ధరించింది: పట్టికలో అది సంఖ్య, శాసనసభలో బిల్లు, రంగస్థలంపై నాటకం. వీటిలో చట్టప్రయత్నం విఫలమైంది. పట్టిక గురజాడ పీఠిక ద్వారానే నేటి పాఠకులకు పరిచితం. నిలిచింది నాటకం. ఆ నిలకడకు పోషకుని ధనం ఒక్కటే కారణం కాదు. సమస్యను ఎన్నుకోవడంలో సంస్థానం ఆసక్తి పాలు పంచుకున్నా, దానిని ఏ భాషలో చెప్పాలన్నది రచయిత నిర్ణయమే. పాత్రోచితమైన వాడుకభాషను ఎన్నుకున్న కారణాలను గురజాడ అదే పీఠికలో సమర్థించుకున్నారు. దాత సమస్యను చూపినా సమాధానాన్ని నిర్దేశించని సందర్భానికి ఇది మంచి ఉదాహరణ.

పిఠాపురం: పరిషత్తు, నిఘంటువు, పాఠశాల తెలుగు

జయంతి రామయ్య పంతులు ప్రధాన కృషితో 1911లో మద్రాసులో ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఏర్పడింది. తరువాత దాని కార్యస్థానం కాకినాడకు మారింది. తాళపత్ర గ్రంథాల సేకరణ, ప్రాచీన కావ్యాల ప్రకటన, పరిషత్పత్రిక నిర్వహణ దాని శాశ్వత సేవలు. వాటన్నిటికంటె బృహత్తరమైనది పిఠాపురం మహారాజు రావు వేంకటకుమార మహీపతి సూర్యారావు పోషణలో సాగి, ఆయన పేరుతోనే ప్రసిద్ధమైన 'శ్రీ సూర్యరాయాంధ్ర నిఘంటువు'. సుదీర్ఘ కృషి తరువాత 1936లో తొలి సంపుటం వెలువడింది. ప్రయోగాలతో అర్థాన్ని నిరూపించే పద్ధతిలో అంత విస్తారమైన తెలుగు నిఘంటువు అంతకుముందు లేదు.

అయితే పరిషత్తు విద్వత్సంస్థగా మాత్రమే పనిచేయలేదు. పాఠశాలల వ్యాసరచనలో వ్యావహారికానికి స్థానం ఇవ్వాలా అన్న వివాదంలో అది గ్రాంథిక పక్షానికి కేంద్రమైంది. 1913లో గిడుగు రామమూర్తి, జయంతి రామయ్య ఇద్దరూ తమ తమ వాదాలను ఆంగ్లంలో ప్రకటించారు. మద్రాసు విశ్వవిద్యాలయ సంఘంలో సభ్యుడైన గురజాడ 1914లో తన అసమ్మతి పత్రాన్ని సమర్పించారు. అయినా విద్యావిధానంలో ఆనాటికి గ్రాంథిక పక్షమే నెగ్గింది. గిడుగు 1919లో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజాన్ని నెలకొల్పి, 'తెలుగు' పత్రికను నడిపారు. 1924లో పరిషత్తు వ్యావహారికంపై నిషేధాన్ని ఎత్తివేసింది.

దీనిని జమీందారీ ధనానికీ ప్రజాభాషకూ జరిగిన పోరుగా చిత్రించడం సులభమే గాని, ఆధారాలు అందుకు సహకరించవు. గురజాడ విజయనగర సంస్థానోద్యోగి. గిడుగు పర్లాకిమిడి రాజావారి విద్యాసంస్థలో ఉపాధ్యాయుడు. ఉభయపక్షాలకూ సంస్థానాల నీడ ఉంది. కాబట్టి తేడా ధనం మూలంలో లేదు. ఆ ధనంతో ఏర్పడిన సంస్థ ప్రశ్నను ఎంత తెరచి ఉంచిందన్న దానిలో ఉంది. సాధుత్వానికి గ్రంథప్రయోగమే ప్రధాన ప్రమాణమని ముందే నిశ్చయించుకున్న సంస్థ నిఘంటువును నిర్మించినప్పుడు, ఆ నిశ్చయం నిఘంటు స్వరూపంలోనూ ప్రతిఫలించింది. విధానవాదం పరిశోధనకు ముందు నడిచింది.

దాతలు – చందాదారులు

ఇదే కాలంలో మరొక మార్గం కూడా ఉంది. 1906లో హైదరాబాదులో ఆరంభమైన విజ్ఞాన చంద్రికా మండలికి మునగాల సంస్థానం అండ ఉన్నా, అది చందాదారులనూ కొనుగోలుదారులనూ ఆశ్రయించింది. మునగాల దివాను కొమర్రాజు లక్ష్మణరావు సంపాదకత్వంలో చరిత్ర, శాస్త్ర గ్రంథాలు సామాన్య పాఠకునికి అందాయి. ఆయన తలపెట్టిన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం 1923లో ఆయన మరణంతో ఆగిపోగా, అమృతాంజనం వ్యాపారంతో ధనం గడించిన కాశీనాథుని నాగేశ్వరరావు ఆ పనిని మళ్లీ చేపట్టారు. పాఠకుని చందాతో నడిచే సంస్థ పాఠకునికి అర్థం కావలసి ఉంటుంది. రాజు దానంతో నడిచే సంస్థకు ఆ అగత్యం లేదు. కాని దశాబ్దాల తరబడి లాభం చూపని నిఘంటు నిర్మాణం చందాల మీద నిలవడం కష్టం. రెండు మార్గాలకూ వాటి వాటి పరిమితులు ఉన్నాయి.

శిస్తు కట్టినవారి మాట

1802 నాటి శాశ్వత శిస్తు ఏర్పాటు తరువాత సంస్థానాల ఆదాయానికి మూలాధారం రైతు చెల్లించిన శిస్తు. అంటే సూర్యరాయాంధ్ర నిఘంటువుకు పరోక్షంగా ధనం సమకూర్చినవారిలో గోదావరి మండలపు సేద్యగాళ్లు ఉన్నారు. వారి నాగలికీ నీటిపారుదలకూ పంటకూ సంబంధించిన పదాలను ఊరూరా తిరిగి సేకరించడం ఆ నిఘంటువు ప్రణాళికలో లేదు. కావ్యానికెక్కిన పదానికి ఉన్న హోదా నోటి మాటకు దక్కలేదు.

ఆ లోటు తీరడం 1948లో మద్రాసు రాష్ట్రంలో జమీందారీల రద్దు చట్టం వచ్చిన తరువాతే మొదలైంది. 1957లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 'మాండలిక వృత్తి పదకోశం' ప్రకటించింది. 1962లో వ్యవసాయ పదాల సంపుటం, 1971లో చేనేత పదాల సంపుటం వచ్చాయి. ఒకే పనిముట్టు ప్రాంతాన్ని బట్టి ఎన్ని పేర్లు పొందుతుందో, ఆ వృత్తిలో ఉన్నవారినే అడిగి నమోదు చేసిన గ్రంథం అది. సూర్యరాయాంధ్ర నిఘంటువును పునర్ముద్రించినదీ ఆ అకాడమీయే. ఒకే సంస్థ రెండు ప్రమాణాలకూ చోటివ్వగలదని ఇది నిరూపించింది. కాని ప్రభుత్వ సంస్థకూ ఆయుఃప్రమాణం ఉంది: 1983లో అకాడమీ రద్దయింది, ఆ బాధ్యతలు 1985లో ఏర్పడిన తెలుగు విశ్వవిద్యాలయానికి సంక్రమించాయి.

ముగింపు

పిఠాపురం దానం లేకపోతే ప్రాచీన ప్రయోగాల అంతటి భాండాగారం తెలుగుకు దక్కేది కాదు. ఆ ఋణాన్ని అంగీకరిస్తూనే, దాని సరిహద్దులనూ గుర్తించవలసి ఉంది. విజయనగరం పట్టిక సమాజంలో జరుగుతున్నదాన్ని లెక్కించింది. పిఠాపురం నిఘంటువు గ్రంథాలు ఆమోదించినదాన్ని లెక్కించింది. దానసంస్థల చరిత్రను రాసేటప్పుడు వెచ్చించిన మొత్తంతోపాటు పరిశోధన ప్రశ్నను ఎవరు నిర్ణయించారన్నదీ, ఎవరిని అడిగి సమాధానం రాబట్టారన్నదీ ఆరా తీయాలి. సూర్యరాయాంధ్ర నిఘంటువుకూ మాండలిక వృత్తి పదకోశానికీ మధ్య గడచిన పాతికేళ్ల పైచిలుకు కాలం ఆ ప్రశ్న అవసరాన్ని తెలుపుతుంది.